చుక్కలు చూపించిన చైను

ఆషాఢం వచ్చిందంటే పెద్దాపురంలో మనిషి మాట మనిషికి వినపడదు. మరిడమ్మ తల్లి జాతర నెల పైచిలుకు నడుస్తుంది. డప్పులు, గరగలు, మైకులు, జీళ్ల కొట్ల ముందు పిల్లల పేచీలు. నిరుడు ఆ నెలంతా నా అంబాసిడర్ ముందు భాగంలోంచి గలగలమని ఒక చప్పుడు వస్తూనే ఉందట. నేను ఎక్కడో గరగ ఆడుతున్నారనుకున్నాను. జాతర అయిపోయింది. పందిళ్లు విప్పేశారు. రంగులరాట్నం వాడు సామానంతా లారీకెత్తుకుని పోయాడు. గరగ మాత్రం ఆగలేదు. బండి ఆపితే ఆగింది. అప్పుడొచ్చింది అనుమానం.

నాకే అనుమానం, మా ఆవిడకి పాత సంగతే. "మీరు సామర్లకోట దాటారంటే నాకిక్కడ వినిపిస్తుంది. అప్పుడు ఎసట్లో బియ్యం పోస్తాను. మీరొచ్చి కాళ్లు కడుక్కునేసరికి అన్నం దిగుతుంది" అంది. ఇన్నేళ్లుగా వేడన్నం ఎలా దొరుకుతోందా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. మొగుళ్లు ఆలోచించరు.

మనిషికి జబ్బు చేస్తే మా వీధిలో మందు చెప్పేవాళ్లు ఇద్దరో ముగ్గురో. బండికి చేస్తే వీధంతా వైద్యులే. టీ కొట్టు దగ్గర బానెట్ ఎత్తగానే ఏడు తలకాయలు లోపలికి వంగాయి. ఒకాయన ఫ్యాన్ బెల్టన్నాడు. ఒకాయన వాటర్ పంపు బేరింగన్నాడు. ఇంకొకాయన ట్యాపెట్లన్నాడు. ఈయన ఏ బండికైనా ట్యాపెట్లే అంటాడు, తన మోకాళ్లు నొప్పెట్టినా ట్యాపెట్లనే అనుకుంటాడని నా నమ్మకం. ఏడీబీ రోడ్డు పనులు జరుగుతున్న రోజులు కాబట్టి మరొకాయన, చప్పుడు బండిది కాదు, రోడ్డుది అని తేల్చాడు. ఖర్చు లేని వైద్యం కదా, నాకదే నచ్చింది.

అసలు రోగం పట్టుకున్నది జన్మలో స్టీరింగు ముట్టని మనిషి. మా పక్కింటి పెద్దాయన పట్టు నేతగాడు. పెద్దాపురం పట్టుకి పేరు తెచ్చిన చేతుల్లో మిగిలిన కొద్ది చేతులు ఆయనవి. అరుగు మీద కూచుని, కళ్లు మూసుకుని, ఇంజిను చప్పుడు కాసేపు విని, "పడుగు వదులైందండి మాస్టారూ" అన్నాడు. అందరం నవ్వాం.

మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన ముందు పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిను మూతకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని విన్నాడు. తర్వాత బండి ఆపించి, డిస్ట్రిబ్యూటర్ టోపీ ఊడదీసి, లోపలి రోటరు మీద ఒక కన్నేసి, ఫ్యాను పట్టుకుని ఇంజిన్ని కొంచెం ఇటూ కొంచెం అటూ తిప్పాడు. ఫ్యాను తిరిగింది. రోటరు కాసేపు ఆలోచించి తిరిగింది.

"టైమింగ్ చైను సాగిపోయిందండి. ఆయ్."

"ఇనుము సాగడమేమిటయ్యా?"

"సాగదండి, అరుగుద్ది. లంకెకీ లంకెకీ మధ్య పిన్నుంటాదండి. ఒక్కో పిన్నూ వెంట్రుకవాసి అరుగుద్ది. అన్నీ కలిపితే చైను పొడుగైపోద్ది."

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఆ లెక్క వెంటనే అర్థమైంది. నలభై మంది పిల్లలు తలా అర నిమిషం ఆలస్యంగా లోపలికొస్తే మొదటి పీరియడు ఎటు పోతుందో నాకు తెలుసు. కంపెనీని అనడానికి లేదు, పిన్నుల్ని అరగ్గొట్టింది నేను మార్చని ఆయిలు. ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చాలో మా నాన్నగారు డైరీలో తేదీలు వేసి మరీ రాసిపెట్టి వెళ్లారు. నేనే, నల్లబడినా నూనె నూనేగా అనుకున్నాను.

ఇంతకీ ఆ చైను చేసే పని పక్కింటాయనకి చెబితే క్షణంలో ఒప్పేసుకున్నాడు. పిస్టను పైకీ కిందికీ పోతుంటే వాల్వులు వేళకి తెరుచుకుని వేళకి మూసుకోవాలి. కింద క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన క్యాము ఒక్క చుట్టే తిరగాలి, అందుకే క్యాము చక్రానికి పళ్లు రెట్టింపు. ఈ రెంటినీ కలిపి నడిపించేది చైను. "మగ్గమూ అంతే కదండీ. కాలితో తొక్కితే పడుగు విడుద్ది. ఆ సందులోంచి నాడె పోవాలి. కాలోదారి, నాడోదారి అయితే పోగు తెగుద్ది" అన్నాడు. నేనన్నంత పొడుగ్గా అనలేదు, నాకన్నా బాగా అన్నాడు.

విప్పడం మొదలైంది. రేడియేటరు దింపారు, బెల్టు తీశారు. క్రాంకు పుల్లీని పట్టుకున్న పెద్ద నట్టు దగ్గర కథ ఆగింది. అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా ఇంగ్లండులో పుట్టి, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో పేరు మార్చుకుని, 2014 మే దాకా తయారైన బండి. నా దాంట్లోది 1489 సీసీ పెట్రోలు ఇంజిను, అదీ ఇంగ్లీషువాడి గీతే. వాడు దేశం వదిలి వెళ్లాడు గానీ ఇంచీలు వదిలేసి వెళ్లాడు. షెడ్డులో ఉన్న పానాలన్నీ మిల్లీమీటర్లవి. సరైన పానా వెతికి తెచ్చాక, టాప్ గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, పానాకి ఇనప గొట్టం తొడిగి, ఇద్దరు కుర్రాళ్లు వేలాడారు. నట్టు కదల్లేదు, బండి కదిలింది. 1758 డిసెంబరులో ఇక్కడికి దగ్గర్లోనే చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లని ఒక్క రోజులో ఓడించారు. వాళ్ల నట్టుని ఓడించడానికి మాకు రెండు రోజులు పట్టింది.

మూత తీస్తే లోపల చైను ఉయ్యాల గొలుసులా వేలాడుతోంది. దాన్ని బిగువుగా నొక్కి ఉంచడానికి పక్కన టెన్షనరని ఒక చిన్న వస్తువుంటుంది, రబ్బరు మొహం దానికి. ఆ రబ్బరు మీద చైను రెండు గాళ్లు దున్నేసింది. "ఈ బండికి టెన్షను లేదండి మాస్టారూ, అదే దీని జబ్బు" అన్నాడు మేస్త్రి. నాకు జాలేసింది. ఇంట్లో ఉన్నదంతా నేనే పడుతున్నట్టున్నాను.

ఇక కొనడం. నా బండిలో ఉన్నది రెండు వరసల చైను. ఇలాంటి రోలరు చైనుకి 1880లో మాంచెస్టరులో పేటెంటు తీసుకున్నవాడు హాన్స్ రెనాల్డ్, స్విట్జర్లండు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాడు. పిన్ను త్వరగా అరక్కుండా చుట్టూ బుష్షూ, దాని మీద రోలరూ తొడగడం ఆయన తెలివి. నా ఆయిలు సంగతి ఆయనకేం తెలుసు, పాపం.

కాకినాడ కొట్టాయనకి ఫోన్ చేస్తే, "రెండు వరసలది ఎందుకండీ, ఒంటి వరసది చక్రాలతో సహా ఇచ్చేస్తాను, చవక" అన్నాడు. ఇంకో కొట్టులో మూడు రకాలున్నాయన్నారు: ఒరిజినలు, ఒరిజినల్ లాంటిది, ఒరిజినల్ కన్నా నయం. మూడోదాని ధర అన్నిటికన్నా తక్కువ. మరొకాయన మోటార్ సైకిలు చైనులా లాకు లింకుతో అతికేది ఉంది, సులువుగా పడుతుందన్నాడు. మేస్త్రి దేనికీ ఒప్పుకోలేదు. బయట కనిపించే చైనుకి లాకు లింకు సరే, మూతేసి లోపల పెట్టేదానికి అతుకేమిటన్నాడు. కొత్త చైను పాత చక్రాల మీద వేసినా కుదరదు, అరిగిన పళ్లు కొత్తదాన్ని కొరికేస్తాయి, కాబట్టి చైనూ, రెండు చక్రాలూ, టెన్షనరూ, ప్యాకింగూ అన్నీ కలిపే మార్చాలన్నాడు. ఇది ఆయన లాభం కోసం అన్నది కాదు. వీటిలో ఒక్కటీ ఆయన అమ్మడు.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి కూడా ఫోనులో ఒక చెయ్యి వేశాడు. "ఇంకా చైనేంటి నాన్నా, బెల్టు కదా" అన్నాడు. 1962లో జర్మనీలో గ్లాస్ అనే కంపెనీ తన 1004 కారుకి పళ్ల బెల్టు పెట్టినప్పటినుంచి బెల్టుదే రాజ్యమైంది, మన మారుతి 800 కూడా బెల్టు బండే. ఇప్పుడు చాలా కార్లు మళ్లీ చైనుకే తిరిగొచ్చాయని నేనన్నాను. అయితే తుక్కుకిచ్చేయండన్నాడు. మా సంభాషణలన్నీ అక్కడికే చేరతాయి.

చివరికి బెజవాడ ఆటోనగర్‌లో ఒక పాత కొట్టు దొరికింది. ఆ ఫోన్ నేను మా వంటింటి కిటికీ పక్కన నిలబడి చేశాను. అదీ నేను చేసిన పొరపాటు.

"రెండు పేటలదే కావాలండి. ఒంటిపేట వద్దు. అతుకు లేకుండా ఉండాలి. అచ్చం పాతదాని లాగే. డబ్బు సంగతి వదిలేయండి, జన్మకొకసారి కొనేది. శుక్రవారం లోపల ఇంట్లో ఉండాలి."

ఆ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రం కాఫీ మీద నురుగు వేలెడు ఎత్తున నిలబడింది. మర్నాడు పొద్దున్న పెసరట్టు, లోపల ఉప్మా, పక్కన అల్లప్పచ్చడి. వయసు మీద పడుతుంటే భార్యకి ప్రేమ పెరుగుతుందని ఎక్కడో చదివాను, నిజమే కాబోలనుకుని ఇంకో అట్టు వేయించుకున్నాను.

పాత చైను గుడ్డసంచీలో వేసుకుని సామర్లకోటలో రైలెక్కాను. "ఏమండీ అది?" అనడిగింది ఎదురు సీటావిడ. "చైనండీ, రెండు పేటలది" అన్నాను. ఆవిడ చుట్టూ చూసి, గొంతు తగ్గించి, సంచీ ఒళ్లో పెట్టుకోమంది. బెజవాడ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను. కొత్త పంచె నల్లగా అయిపోయింది.

ఆటోనగర్ కొట్టాయన మాటలు తక్కువ మనిషి. కొత్త చైను పక్కవాటుగా పట్టుకుని గాల్లో చాచాడు, బద్దలా నిలబడింది. నా పాతదాన్ని అలాగే పట్టుకున్నాడు, వడిలిన తోటకూర కాడలా వంగిపోయింది. ఇంకేం చెప్పలేదు. చక్రాలూ టెన్షనరూ కలిపి గ్రీజు కాయితంలో చుట్టి ఇచ్చాడు.

గురువారం రాత్రి ఇంటికొచ్చి పొట్లం బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి పొట్లం విప్పి ఉంది. మా ఆవిడ ఎదురుగా కూచుని ఉంది. చేతికి గ్రీజు.

"రెండు పేటలే" అంది. కాసేపాగి, "తీసుకెళ్లి దాని మెళ్లో వేయండి" అంది.

శనివారం బిగింపు. క్రాంకు చివర కీ గాడి గడియారంలో పన్నెండు మీద, క్యాముది కాస్త కుడివైపుకి ఉండాలి. రెండు చక్రాల మీదా చెరో చుక్క ఉంటుంది, బుగ్గచుక్క అంత. చక్రాలని చైనులో ఇమిడ్చి, ఆ చుక్కలు రెండూ ఎదురెదురుగా చూసుకునేలా పట్టుకుని, చైనుతో సహా రెండిటినీ ఒక్కసారే ఇరుసుల మీదికి తోయాలి. మూతెయ్యబోయే ముందు క్రాంకు మీద ఆయిల్ని వెనక్కి విసిరే ఒక రేకు బిళ్ల తొడుగుతారు. దాని మీద ఎఫ్ అని ఉంటుంది, ఆ మొహం బయటికి రావాలి. "ఎఫ్ అంటే ఫ్రంటు" అన్నాను, నా చదువు ఉపయోగపడే చోటు దొరికిందని. "ఓహో, నేను ఫేసనుకున్నానండి ఇన్నాళ్లూ. ఏదైతేనేం, బయటికే కదండీ" అన్నాడు మేస్త్రి.

చదువు అక్కడితో ఆగితే బాగుండేది. "నాకు దగ్గరచూపు ఆనదండి, చుక్కలు మీరు చూసి చెప్పండి" అన్నాడాయన. నేను కళ్లజోడు సవరించుకుని చూశాను. పెద్ద చక్రం మీద ఒక గుంట కనిపించింది. "ఇదే చుక్క" అన్నాను, జవాబు పేపరు మీద టిక్కు కొట్టినట్టు. మేస్త్రి ఒకసారి నా మొహం చూశాడు. ఎదురాడలేదు. ఊళ్లో సగంమందికి చదువు చెప్పినవాణ్ణి కదా.

తాళం తిప్పాం. బండి ముందు దగ్గింది. తర్వాత కార్బురేటరులోంచి ఫట్టుమంది. ఆ తర్వాత సైలెన్సరులోంచి ఢామ్మని పేలింది. షెడ్డు మీద పడుకున్న పిల్లి ఆ రోజుకి మళ్లీ కనిపించలేదు. టీ కొట్టు దగ్గర్నుంచి "నే చెప్పలే? ట్యాపెట్లు!" అని కేక వినిపించింది. పక్కింటాయన అరుగు మీదనుంచే, "ఒక పోగు తప్పిందండి" అన్నాడు.

ఒక పన్ను తప్పింది. నేను చూపించింది చుక్క కాదు, పోతపోసినప్పుడు పడ్డ సొట్ట. అసలు చుక్క దాని పక్కనే గ్రీజు కింద నక్కి ఉంది. మేస్త్రి ఏమీ అనలేదు, అనకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది. మళ్లీ రేడియేటరు, మళ్లీ బెల్టు, మళ్లీ నట్టు. ఈసారి నట్టు పావుగంటలో వచ్చింది. ఇంగ్లీషువాడు కూడా విసిగిపోయినట్టున్నాడు. చుక్కలు చూసే పని షెడ్డు కుర్రాడికి అప్పగించారు. వాడు గుడ్డతో తుడిచి, సుద్దముక్కతో రెండు చుక్కలకీ తెల్లగా గీత గీసి, ఒక్క నిమిషంలో చూపించేశాడు. వాడు మా బళ్లోనే చదివాడు. ఇంగ్లీషులో ఎప్పుడూ తప్పేవాడు.

ఇప్పుడు బండి ఇంటి ముందు నిలబడి తిరుగుతున్నా ఇంజిను ఆన్‌లో ఉందో లేదో వంగి చూసుకోవాల్సిందే. అందువల్ల వచ్చిన చిక్కేమిటంటే, నేను సామర్లకోట దాటిన సంగతి మా ఆవిడకి తెలియడం లేదు. ఫోన్ చేసి చెప్పమంది, చేస్తున్నాను. నాలుగుసార్లు చేస్తే మూడుసార్లు ఎత్తదు. చల్లన్నం తింటున్నాను. మళ్లీ శ్రావణం దగ్గరపడుతోంది, కాకినాడలో రెండు పేటల గొలుసు రేటు కనుక్కున్నాను. చక్రాలు, టెన్షనరు అక్కర్లేదని ముందే చెప్పాను.