మహారాజరాజశ్రీ మెర్సెన్ ట్విస్టర్ గారి సముఖమునకు

పాచికల మంజూరు అధికారి గారికి, కామారెడ్డి జిల్లా బాన్సువాడ నుంచి అర్జీలు రాసుకునేవాడు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

విషయం: రాత్రి పదకొండు దాటాక జంట ఆరులు ఎదుటివాడికే పడుట గురించి.

అయ్యా,

ఇరవై రెండేళ్ళుగా పక్కవాళ్ళ కష్టాలు రాసి బతుకుతున్న మనిషిని. పాసుబుక్కులో పేరు తప్పు పడ్డదని, విరాసతు కాలేదని, నిజాంసాగర్ కాలువ నీళ్ళు చివరి మడికి ఎక్కడం లేదని, పింఛను ఆగిందని, అన్నీ నా బల్ల మీదే అర్జీలవుతాయి. ప్రజావాణి సోమవారం కనుక నాకు ఆదివారమే గిరాకీ. ఇన్నేళ్ళలో సొంత కష్టం ఒక్కటి కూడా కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను, అదీ తమరి పేర.

తమరికి చెవులు లేవని మా బిడ్డ అంటున్నది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడికి అదొక అభ్యంతరమా?

తమరెవరో తోవన పోయేవాళ్ళకు కూడా తెలియాలి గనక రెండు ముక్కలు. మకోతో మత్సుమోతో, తకుజి నిషిమురా అనే ఇద్దరు జపాను గణితజ్ఞులు 1997లో తమరిని తయారుచేశారు. పేరులో మెర్సెన్ అన్నది పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్న్యాసి ఒకాయనది. చూసేవాడికి తలాతోకా అందని అంకెల వరుసను పుట్టించడం తమరి కొలువు. 19937 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి ఒకటి తీసేస్తే ఎంతవుతుందో, అన్ని అంకెలు పడ్డాకగానీ ఆ వరుస మొదటికి రాదట. ఆ లెక్కను కాగితం మీద వేయాలంటేనే 6002 అంకెలు. ఇంత పెద్ద ఖజానాలోంచి నాకొక జంట ఆరు మంజూరు చేయడానికి చేతులు రాకపోవడమే నా ఫిర్యాదు.

ఆట సంగతి. డిగ్రీ చదివే మా చిన్నబిడ్డ నా దుకాణంలో కంప్యూటర్‌కు గ్నూ బ్యాక్‌గామన్ ఎక్కించింది. 1990ల్లో గ్యారీ వాంగ్ మొదలుపెట్టగా దేశదేశాల వాళ్ళు తలా ఒక చెయ్యి వేసి పెంచిన ఉచిత ఆట అది. లోపలి రాత అంతా తెరిచే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టొచ్చు. ఆట చూస్తే, పలకకు 24 ఇండ్లు, చెరి 15 కాయలు, రెండు పాచికలు. ఆ పాచికల అంకెలు పంపేది తమరే. ఇద్దరూ ఎదురెదురుగా నడుస్తారు. ఒంటిగా చిక్కిన కాయను ఎదుటివాడు చంపుతాడు. అది మళ్ళీ వాడి వాకిట్లోంచే పుట్టుకొని రావాలి. ముందుగా అన్ని కాయలూ పండించుకున్నవాడిది గెలుపు. ఎనభై దాటిన మా బాపు కళ్ళద్దాలు పైకి నెట్టి తెర వంక చూసి, "ఇది మన పచ్చీసుకు పాలోళ్ళ బిడ్డనే రా" అన్నాడు.

మొదటి రోజునే ఇంట్లో ఒక లొల్లి. మొదలుపెట్టేచోట 'మనీ గేమ్' అన్న మాట మా ఇంటామె కంటబడింది. తెలంగాణలో పైసలు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీని 2017లోనే బంద్ చేశారన్న సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. అది పాయింట్ల లెక్కకు పెట్టిన పేరేననీ, పైసా చేతులు మారదనీ నమ్మించేసరికి రెండు పూటలు చల్లన్నం తిన్నాను.

ఇక అసలు కష్టం. నేను ఇంచుమించు గెలిచిన ఆటల్లోనే ఎదుటి యంత్రానికి జంట పడుతుంది. దానికి ఏ అంకె కావాలో ఆ అంకె పడుతుంది. నా చచ్చిన కాయకు ఒక్క రెండు కావాలంటే వరుసగా ఐదులూ ఆరులూ. పాచికలు వేసేది అదే, ఆడేది అదే, లెక్క రాసేది అదే. తహసీల్దారు, సర్వేయరు, కొనుగోలుదారు ఒక్కడే అయితే భూమి ఎవరి పేరెక్కుతుందో నన్నడగాలా? ఈ వాదమంతా మూడు పేజీలు దంచి, మా బిడ్డను ఇంగ్లీషులోకి మార్చి ఆట తయారుచేసినవాళ్ళకు పంపమన్నాను.

ఆమె చదివి కాగితం బల్ల మీద పెట్టింది. "నాయినా, ఇందులో నీ బాధ ఉంది, సంగతి లేదు" అన్నది.

నాతో ఈ మాట ఎవరూ అనలేదు. ఎందుకంటే రోజూ నేను అనే మాటే అది. "వాడు నన్ను మోసం చేసిండు" అని వచ్చిన మనిషిని నేను కూర్చోబెట్టి అడుగుతాను: ఏ సర్వే నంబరు? ఏ తారీఖు? ఏ కాగితం ఇచ్చినవు, ఏమి రావాలె, ఏమొచ్చింది? సగం మంది అక్కడే చల్లబడతారు. మిగతా సగం మందిదే అర్జీ. ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా సరిగ్గా ఇవే అడుగుతారట. ఏ వెర్షను, ఏం నొక్కావు, ఏం జరగాలి, ఏం జరిగింది, మళ్ళీ నొక్కితే మళ్ళీ జరుగుతుందా?

వాళ్ళు తప్పును పురుగు అంటారని విని నాకు ఎరువుల దుకాణం గుర్తొచ్చింది. మా వైపు రైతు "పొలం పోయింది సేటూ" అంటూ వట్టి చేతుల్తో పోడు. తెల్లకంకి ఒకటి పీకి తెస్తాడు. లాగంగానే ఊడొచ్చిందా, మొదట్లో తొలిచిన రంధ్రముందా, అయితే మొగిపురుగు. లేకుంటే వేరే జబ్బు, వేరే మందు. నేను తమరి మీద మూడు పేజీలు రాశాను గానీ ఒక్క కంకి కూడా పీకి తేలేదు.

సరే, తెద్దామనుకున్నాను. రెండు గీతల పుస్తకం కొని నెల రోజులు జంటలన్నీ రాశాను. లెక్క ప్రకారం 36 రకాల పాటుల్లో 6 జంటలు, ఎవరికైనా ఆరింట ఒకటి. నా పుస్తకంలో యంత్రం గడి నిండి కిందికి కారుతున్నది, నా గడిలో నాలుగు గీతలు. తెచ్చి సగర్వంగా బిడ్డ ముందు పెట్టాను. ఆమె ఒక సాయంత్రం నా వెనక నిలబడి ఆట చూసింది. నాకు జంట మూళ్ళు పడ్డాయి. టకటకా ఆడేశాను. "రాయవా నాయినా?" అన్నది. అప్పటికి పెన్ను ఎక్కడుందో కూడా నాకు తెలియదు.

పుస్తకం చెల్లలేదు. అయినా అనుమానం అంత తొందరగా ఇల్లు ఖాళీ చేయదు. తమరి లోపలి మతలబు తెలుసుకుందామని అడిగితే బిడ్డ ఇంకో సంగతి చెప్పింది. తమరికి మొదట ఒక అంకె ఇస్తారు, దాని పేరు విత్తనం. అదే విత్తనం వేస్తే అవే పాచికలు అదే వరుసలో పడతాయి. వరి పండించే తాలూకాలో పుట్టినవాడికి ఇది విడమరచి చెప్పనక్కర లేదు. ఆ విత్తనం నేనే వేసుకోవచ్చు, ఆట మొదలుకాకముందే రాసిపెట్టుకోవచ్చు, అదే పంట మళ్ళీ తీసి పోల్చుకోవచ్చు. అదీ చాలదంటే తమరినే పక్కన పెట్టి, చేత్తో పాచికలు వేసి అంకెలు మనమే చెప్పే వీలు ఆ ఆటలోనే పెట్టారు. ఇంకా విచిత్రం, పాచికలతో దగా చేయించే మీట కూడా ఉంది. ఒక ఆటగాడికి ఎప్పుడూ మంచి పందెమే పడేలా చేయొచ్చు, కాకపోతే మనం కావాలని తిప్పితేనే. శకుని ఇలా చెప్పి ఆడించి ఉంటే సభాపర్వం రెండు పేజీల్లో ముగిసేది.

అరణ్యపర్వంలో నలుడి కథ ఉంది కదా. రుతుపర్ణుడు రథం మీదినుంచి తాని చెట్టును చూసి ఆకులు ఇన్ని, కాయలు ఇన్ని అని చెప్తే నలుడు అవునవునని తల ఊపలేదు. రథం ఆపి, చెట్టు నరికి, ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. సరిపోయాకే ఆయన దగ్గర పాచికల విద్య నేర్చుకున్నాడు. అన్నట్టు ఆ తానికాయలే పాతకాలపు జూదంలో పాచికలు. నలుడి లాగే నేనూ చెట్టు నరకడానికి సిద్ధపడ్డాను.

పాచికలు వేసే పని బాపుకు ఇచ్చాం. మనవడి లూడో డబ్బాలోంచి రెండు పాచికలు తీసి, స్టీలు గిలాసలో గలగలలాడించి బండ మీద వేస్తాడు. యంత్రానికీ ఆయనే, నాకూ ఆయనే. కన్న తండ్రి కన్న కొడుక్కి దగా చేయడు గదా. ఏడు ఆటలు ఆడాం. ఆరు ఓడిపోయాను.

అప్పుడు బిడ్డ విశ్లేషణ అనే మీట నొక్కింది. ఇదీ నేను తలవంచిన చోటు. ప్రతి పాటుకూ ఆ ప్రోగ్రాము ఒక లెక్క కడుతుంది. పడగలిగిన అన్ని పందేల సగటు ఎంత, నిజంగా పడినదాని విలువ ఎంత, తేడా ఎంత. ఆ తేడాలు కూడితే అదృష్టం. ఆడిన ఎత్తుకూ ఆడాల్సిన ఎత్తుకూ ఉన్న తేడాలు కూడితే ఆటతనం. చివర తీర్పు కూడా మాటల్లో చెబుతుంది. అదృష్టం మరీ చెడితే 'పోయి పడుకో' అనే అర్థం వచ్చే మాట ఒకటుంది, దానికింద నవ్వు కూడా ఉంది. నాకు ఆ మాట పడుతుందని ఎదురుచూశాను. పడలేదు. అదృష్టం గడిలో 'మంచి పందేలు పడ్డాయి తమ్మీ' అన్న ధోరణిలో మెచ్చుకోలు, ఆటతనం గడిలో 'ఘోరం'. అంటే బాపు చేతి పాచికలు నా దిక్కే ఉన్నాయి. నేనే నా దిక్కు లేను.

ఎక్కడ పోయిందో కూడా చూపించింది. ఒంటికాయను ఎదుటివాడికి ఆరు అడుగుల దూరంలో వదిలితే 36లో 17 పందేలు దాన్ని చంపుతాయి. ఏడు అడుగుల దూరంలో వదిలితే ఆరే చంపుతాయి. ఒక్క అడుగు. నేనేమో ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు లాగా ప్రతిసారీ ఆరు దగ్గరే ఆపుతున్నాను. యంత్రానికి కావలసిన అంకె పడడం కాదు, ఏ అంకె పడినా పనికొచ్చేలా అది కాయలు పేర్చుకుంటున్నది. నేను ఒక్క అంకె మీద బతికేలా పేర్చుకొని, ఆ అంకె పడకపోతే తమరి మీద మూడు పేజీలు రాస్తున్నాను.

ఒక చిన్న ఊరట మాత్రం దొరికింది. 1979లో మాంటె కార్లోలో హాన్స్ బెర్లినర్ ప్రోగ్రాము అప్పటి ప్రపంచ విజేత లుయిజీ విల్లాను 7-1తో ఓడించింది. ఏ పలక ఆటలోనైనా ప్రపంచ విజేత యంత్రానికి ఓడడం అదే మొదలు. తర్వాత బెర్లినరే కూర్చుని ఆటలు తిరగేసి, మనిషే మేలుగా ఆడాడనీ పాచికలు యంత్రానికి కలిసొచ్చాయనీ ఒప్పుకున్నాడు. తన గెలుపు మీద తానే ఫిర్యాదు రాసుకున్న మనిషి. అలాంటి కక్షిదారు నా బల్ల దగ్గరికి ఇంతవరకు రాలేదు.

కనుక అయ్యా, పై విషయమును ఉపసంహరించుకుంటున్నాను. కాగితం ఖర్చయింది గనక దీని మీదే రెండు కోరికలు రాసుకుంటాను.

ఒకటి తెలుగు. ఈ ఆట ఐస్‌లాండిక్‌లో మాట్లాడుతుంది. ఆ దేశం మొత్తం జనం నాలుగు లక్షలకు మించరు. 2011 జనగణన ప్రకారం ఈ దేశంలోనే ఎనిమిది కోట్ల మందికి పైగా మాతృభాష అయిన తెలుగు ఆ జాబితాలో నాకు కనబడలేదు. అడిగితే బిడ్డ నవ్వింది. అక్కడ ఎవరో కూర్చుని చేశారు, ఇక్కడ ఎవరూ కూర్చోలేదు, అంతే అన్నది. మాటల చిట్టా ఒకటి ఉంటుందట, ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క ఖాళీ. ఆ ఖాళీ నింపి పంపితే చాలట. ఇది మాత్రం నా పనే కదా అని కూర్చున్నాను. బాపుకు ఒక్కొక్కటే చూపిస్తుంటే ఆయన నిఘంటువు లేకుండా చెబుతున్నాడు. ఒక్కటే చిక్కిన కాయ, ఒంటికాయ. కొట్టడం కాదు, చంపడం. బయటికి తీసుకుపోవడం కాదు, పండడం. ఇంగ్లీషువాడు పలక మీదినుంచి కాయను మోసుకుపోతాడు, మన దగ్గర అది పండుతుంది, ఏది బాగుందో తమరే చెప్పండి. పందెం రెట్టింపు చేస్తే వద్దని తప్పుకోవడాన్ని ఏమందాం అంటే, "డ్రాపే. రమ్మీ ఆడేటోనికి ఎవనికి తెల్వదు?" అన్నాడు. 'ఘోరం' అన్న తీర్పు దగ్గర మాత్రం కాసేపు ఆగి, నా వంక చూసి, "ఆగమాగం అని రాయి" అన్నాడు. రాశాను.

రెండోది గవ్వలు. పాచికకు ఆరు ముఖాలు, అన్నీ సమానం. గవ్వ అలా కాదు. ఒక పక్క మూపు, ఒక పక్క నోరు, బొమ్మా బొరుసూ లెక్కలో అది సగం సగం పడాలని ఎక్కడా లేదు. సగం సగమే అనుకుంటే నాలుగు గవ్వల అష్టాచెమ్మాలో అన్నీ వెల్లకిలా పడి చెమ్మా రావడానికి పదహారింట ఒకటి, అన్నీ బోర్లా పడి అష్టా రావడానికి ఇంకొకటి, రెండు పడడానికి ఆరు. కానీ అరిగిన గవ్వ వేరు, కొత్త గవ్వ వేరు. గోనెసంచి మీద ఒక తీరు, బండ మీద ఒక తీరు పడతాయని బాపు వాదన. కాబట్టి తమరి శాఖలో గవ్వల విభాగం ఒకటి తెరిచి, కింద గోనె కావాలా బండ కావాలా అని అడిగే మీట పెట్టించవలసిందిగా ప్రార్థన. ఎన్నింట ఎన్ని పడతాయో లెక్క బాపు, నేను తీసి ఇస్తాం. ఈసారి రెండు గడులూ నింపుతాను.

ఈ కోరికలు తమరిని అడగడం తప్పని తెలుసు. తమరు అంకెలిస్తారు, పని చేసేది వేరేవాళ్ళు. వాళ్ళకు జీతం లేదు, రాత్రిపూట అన్నం తిన్నాక కూర్చుని చేసేవాళ్ళు. అది సర్కారీ దఫ్తరు కాదు, ఊరుమ్మడి బావి. ఎవరైనా తోడుకోవచ్చు, పూడిక తీయలేదని మాత్రం ఎవరి మీదా అరవలేం. అందుకే వాళ్ళకు మూడు పేజీలు పంపలేదు, నింపిన చిట్టా పంపుతాం.

షానామాలో ఒక కథ ఉందట. హిందూదేశపు రాజు చదరంగం పంపి, దీని మర్మం చెప్పమని పారశీక రాజును సవాలు చేశాడు. అక్కడి మంత్రి బుజుర్జ్‌మెహ్ర్ అది విప్పి, జవాబుగా ఈ ఆట ముత్తాత నర్ద్‌ను తయారుచేసి తిరిగి పంపాడు. మన పండితులు రోజుల తరబడి తలలు పట్టుకొని, తెలియదని ఒప్పుకున్నారు. అప్పటి ఫైలు ఇంకా పెండింగులోనే ఉన్నట్టుంది. పరువు కోసమైనా ఒక ఆట గెలవాలి.

జతపరచినవి: తప్పుల పుస్తకం ఒకటి, సగం నిండిన తెలుగు చిట్టా ఒకటి.

ఇట్లు, తమ విధేయుడు,
బాన్సువాడ

తాజా కలం: ఇది రాస్తుండగా బాపు గిలాస పట్టుకొని వచ్చి కూర్చున్నాడు. పాచికలు వేశాడు, నాలుగూ ఒకటీ. ఒంటికాయను ఏడు దగ్గరికి జరిపే దారి ఉంది. వెతుకుతున్నాను.