కోడి గీకిన సంతకం

‘ఎవర్నీ బలవంతంగా తీసుకురాలేదు, ఇష్టపడే సంతకం పెట్టారు.’ రియాలిటీ షోల మీద ఎవరు నోరెత్తినా ఛానళ్లవారి జవాబు ఇదొక్కటే. తణుకు కోళ్లరైతుల చెవిన పడి ఉంటే ఈపాటికి నుదురు కొట్టుకుని ఉంటారు. ఇన్నేళ్ల నుంచి షెడ్లు నడుపుతున్నాం, కోళ్ల చేత సంతకం పెట్టించుకోవాలని ఒక్కరికీ తట్టలేదే!

పెద్ద పనేం కాదు. నాలుగు గింజలు జల్లి కింద కాగితం పరిస్తే కోడే గీకుతుంది. దస్తావేజులో ఏముందో అది చదవదు. కాపురం చక్కబడుతుందన్న ఆశతో టీవీ షో కోసం హైదరాబాద్ బస్సెక్కిన మొగుడూపెళ్లాలు మాత్రం చదివి పెడుతున్నారా ఏమిటి?

కిటుకు రెండుచోట్లా ఒకటే. లేయర్ కోళ్ల షెడ్డులో రోజుకి పదహారు గంటలు వెలుతురు ఉంచుతారు, గుడ్డు ఆగకుండా. బిగ్‌బాస్ ఇంట్లో కెమెరాకి రాత్రీ పగలూ లేదు, ఏడుపు ఆగకుండా. గుడ్డు తగ్గిన కోడి మాంసానికి పోతుంది, కన్నీళ్లు తగ్గిన మనిషి ఎలిమినేషన్‌కి పోతాడు. గుడ్డుకి రోజూ నెక్ (గుడ్ల సమన్వయ కమిటీ) రేటు, కన్నీటికి వారం వారం టీఆర్‌పీ. ‘బతుకు జట్కా బండి’లాంటి కాపురాల తగాదాల షోల్లో మేత వేసే పని సినీతారలే చేసేవారు. పడకగది సంగతి అడిగేవారు, చెప్పేదాకా వదిలేవారు కాదు, చెప్పాక చీవాట్లు పెట్టేవారు.

తేడా లేకపోలేదు. అది కోడికే లాభం. గుడ్లుపెట్టే కోళ్లకి రెక్కలు చాచుకునేంత చోటు ఉండాలని లా కమిషన్ తన 269వ నివేదికలో సిఫారసు చేసింది. 2017 జులై మొదటి వారం అది. అదే నెల 16న జూనియర్ ఎన్టీఆర్ తెలుగు బిగ్‌బాస్ తలుపులు తెరిచారు. ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. ఆనాటికి లోనావాలాలోని బిగ్‌బాస్ ఇంట్లో నలభయ్యో రోజు. ఆ ఇంటికి పేపరు రాదు, ఫోను ఉండదు. హక్కు వచ్చిన కబురు వాళ్లకెవరు చెబుతారు?

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో బర్డ్ ఫ్లూ తేలగానే పశుసంవర్ధక శాఖ దిగింది. చుట్టూ కిలోమీటరు రెడ్ జోన్, పది కిలోమీటర్ల మేర నిఘా. స్టూడియోలో చెప్పు దెబ్బలు తిని ఊరికి తిరిగొచ్చిన కుటుంబం ఎలా ఉందో చూసి రమ్మని ఏ శాఖా ఎవర్నీ పంపదు.

బ్రిటన్‌లో ఇలాంటి తగాదాల టీవీ షో ‘జెరెమీ కైల్ షో’ కూడా సంతకాల మీదే పద్నాలుగేళ్లు నడిచింది. అందులో లై డిటెక్టర్ పరీక్షలో ఫెయిలయ్యాడని తేల్చిన మనిషి కొద్దిరోజులకే చనిపోయాడు. 2019 మేలో ఐటీవీ ఛానల్ ఆ షోను మూసేసింది. పాల్గొనేవాళ్ల బాగోగులు ఛానలే చూడాలంటూ 2021 ఏప్రిల్ నుంచి అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధనలు పెట్టింది.

మన దగ్గర చట్టం లేక కాదు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం భార్యాభర్తల కేసు తలుపులు మూసి వినాలి, లోపలి మాట బయట అచ్చువేయకూడదు. వేస్తే జరిమానా వెయ్యి రూపాయల లోపే. సరే, అది కోర్టు గదికి. అదే కాపురం స్టూడియోకి వస్తే తలుపులుండవు, కోట్లమంది చూస్తారు, మధ్యలో సబ్బుల ప్రకటన వస్తుంది.

ఆ సబ్బు డబ్బులతో ఎవరి మేడలు లేచాయో అందరికీ తెలుసు. సిగ్గు మాత్రం షోకెళ్లిన ఇంటివాళ్ల వాటాకే వచ్చింది. ఎపిసోడ్ ఆగిపోయినా యూట్యూబ్‌లో ఆగదు. ఆనాడు స్టూడియోలో అమ్మానాన్నల మధ్య బిక్కచచ్చి కూర్చున్న పిల్లకి ఇప్పుడు సంబంధాలు చూసే వయసు. పెళ్లిచూపులకి వచ్చేవాళ్ల ఫోన్లో ఆమె తల్లి ఇంకా ఏడుస్తూనే ఉంది, కింద నవ్వు బొమ్మలు పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. ఇష్టపడే పెట్టారంటున్నారుగా, ఆ పిల్ల సంతకం ఏ పేజీలో ఉందో తీసి చూపించండి.