ముప్పై రెండు నిమిషాల బతుకు

నా పొడవు 1200 అడుగులు, వెడల్పు పావు అంగుళం. సెకనుకి ఏడున్నర అంగుళాల చొప్పున తిరిగితే 32 నిమిషాల్లో నా కథ అయిపోతుంది. నాకు ఒకవైపు నున్నటి పాలియెస్టర్, రెండోవైపు గోధుమరంగు పూత. ఆ పూత పేరు ఐరన్ ఆక్సైడ్. మీ పెరట్లో గునపానికి పట్టే తుప్పుకి దగ్గర చుట్టం. ఆ తుప్పులోనే నాటకాలూ, పాటలూ, రైతులకు సలహాలూ దాచుకుని బతికాను.

నేను రేడియో వాళ్ల స్పూల్ టేపుని. ఏ కేంద్రం అని అడక్కండి. చెబితే నా గోడు కాస్తా ఫిర్యాదైపోతుంది. అక్కడ చేతులు తుడుచుకుని మరీ నన్ను ముట్టుకున్నవాళ్లూ ఉన్నారు, నా మీద టీ గ్లాసు పెట్టినవాళ్లూ ఉన్నారు.

1970లలో డబ్బా విప్పి నన్ను బయటికి తీశారు. అప్పటికే తెలుగు రేడియో ఇంటింటి చుట్టం. 1938లో మద్రాసులో మొదలైన కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ, 1950లో ఆకాశవాణిలో కలిసిన హైదరాబాదు దక్కన్ రేడియో, 1963లో కడప, విశాఖ. టేపులు రాకముందు నాటకమంటే నటులంతా మైకు చుట్టూ నిలబడి అప్పటికప్పుడు ఆడాల్సిందేనట. ఎవరికి దగ్గు వచ్చినా ఊరంతా వినేది. మా జాతి వచ్చాక ఆ దగ్గుకి మందు దొరికింది. ఆ మందు పేరు బ్లేడు. దగ్గున్న చోట పెన్సిలుతో గీత పెట్టి, ఏటవాలుగా కోసి, ఆ ముక్క పారేసి, రెండు కొసల్నీ అతుకు టేపుతో అంటించేవారు. చెయ్యి తిరిగినవాడు కోస్తే అతుకు చెవికి తెలిసేది కాదు. నా ఒంటి మీద పదకొండు అతుకులున్నాయి. ఒక్కటీ చెవికి ఆనదు. ఇవాళ కంప్యూటర్లో దగ్గు తీసేవాళ్లు పొరపాటైతే ఒక మీట నొక్కి వెనక్కి వెళతారు. మాకా సుఖం లేదు. కోస్తే కోసినట్టే.

నేను తిరిగే మిషను మీద వరసగా మూడు హెడ్లు ఉండేవి. మొదటిది చెరిపేది, రెండోది రాసేది, మూడోది చదివేది. చెరిపేది అన్నిటికంటే ముందుండటంలోనే నా జాతకం ఉంది. కొత్త టేపులు దొరకడం కష్టం, పైగా ఖరీదు. ప్రసారం అయిపోయిన టేపుని చెరిపి మళ్లీ వాడటం ఆ రోజుల్లో పొదుపు. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. రేడియో అంటేనే గాలిలో కలిసిపోయేది కదా! ఆదివారం మధ్యాహ్నం విజయవాడ నుంచి ఉషశ్రీ గారి ప్రవచనం వస్తోందంటే ఆ వేళకి సెట్టు ముందు కూర్చోవాలి. లేకపోతే పోయినట్టే. హైదరాబాదు రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి పిల్లల కార్యక్రమమూ అంతే. వేళకి మనిషి రావాలి గానీ మనిషి కోసం వేళ ఆగేది కాదు.

నా మీద మొదట ఒక నాటిక ఎక్కింది. రెండుసార్లు ప్రసారమయ్యాక పెద్ద అయస్కాంతం మీద పెట్టి తిప్పారు. ఒక్క నిమిషంలో నాయకుడూ నాయికా వానా గుర్రాలూ అన్నీ పోయాయి. ఆ గుర్రాలు నిజానికి కొబ్బరి చిప్పలు, అది వేరే సంగతి.

రెండోసారి ఎక్కింది పాట. పల్లె నుంచి బస్సులో ఒక ముసలామె వచ్చింది. స్టూడియోలో ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. మైకుని చూసి, "ఇందులోకేనా అయ్యా?" అని అడిగి, నాట్ల పాటలు ఎత్తుకుంది. 28 నిమిషాలు. అనౌన్సరు మొదట్లోనే ఆమె పేరు, ఊరు చెప్పాడు. ఆమె కాంట్రాక్టు కాగితం మీద వేలిముద్ర వేసి, చెక్కు తీసుకుని వెళ్లిపోయింది. ఆ పాటలో ఊపిరి తీసుకునే చోట్లు కూడా తాళంలోనే ఉండేవి. నా మీదికి ఎక్కినవాటిలో అంత బాగా పట్టింది మరొకటి లేదు.

తరవాత ఒకరోజు డ్యూటీ రూంలో హడావుడి. సాయంత్రం రైతుల కార్యక్రమానికి ప్రసంగం రికార్డు చెయ్యాలి, ఖాళీ టేపు లేదు. అలమరలో చేతికందిన నన్ను తీసి మిషనుకి ఎక్కించారు. "పత్తిలో శనగపచ్చ పురుగు నివారణ", 14 నిమిషాలు. పాత చీటీ మీద కొత్త చీటీ అంటించారు. ఆ తరవాత నన్ను ఎవరూ చెరపలేదు. ఎందుకంటే ఎవరికీ నేను గుర్తులేను.

ఇరవై ఏళ్లకి పైగా అలమరలో ఉన్నాను. వానాకాలం తేమకి పక్క టేపులకి బూజు పట్టింది. మా చుట్టలో ఒక పొర మాట పక్క పొరలోకి లీలగా దిగుతుంది, పల్లెటూళ్లో గోడవతల మాటల్లాగా. పత్తి పురుగు మాటలు పక్క పొరల్లోని మాటల్లోకే దిగాయి.

ఈలోగా బయట లోకం మారింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, అవి ఏ ఒక్కరి గుత్తసొత్తూ కావని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం మొదలైంది. 2006లో హైదరాబాదుకీ ఆ సందడి వచ్చింది. మా టేపుల లైబ్రరీ చూసే ఆయన బల్ల మీద చిన్న సెట్టు ఉండేది కాబట్టి నేనూ విన్నాను. ఆ స్టేషన్లు కంప్యూటర్లోనే పుట్టాయి, టేపుతో వాటికి పనే పడలేదు. ఏ గంటకి ఏ పాటో సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. సొంతంగా వార్తలు చదివే అనుమతి మాత్రం వాళ్లకి లేదు. పాటలేమో ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి. ఇక మిగిలింది కబుర్లే. అందుకే ఆర్జేలు కబుర్లని వీడియోలుగా, పాడ్‌కాస్టులుగా మార్చి ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. స్టూడియోలోకి కెమెరా వచ్చింది. రేడియోలో మాట్లాడేవాళ్లు తల దువ్వుకోవాల్సిన రోజు వస్తుందని మా అనౌన్సరు కలలో కూడా అనుకుని ఉండడు. ఆయన లుంగీతో వార్తలు చదివిన రాత్రులు నాకు తెలుసు.

ఇంకో దారి తొక్కినవాళ్లూ ఉన్నారు. జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. నడిపేది పల్లె ఆడవాళ్లు, 90.4 మీద. చిన్న డిజిటల్ రికార్డరు పట్టుకుని పొలంలోకే వెళ్లి పాట పట్టుకుంటారు. మా ముసలామె నలభై ఏళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆమెని బస్సెక్కించాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆకాశవాణీ ఊరుకోలేదు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో 200కి పైగా ఛానళ్లు పెట్టింది. అమెరికాలో ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు ఫోన్లో విజయవాడ వింటారు. సంతోషమే. అయితే ఒక తమాషా ఉంది. గంట కొట్టే వేళకి వచ్చే పిప్పిప్‌లు యాప్‌లో ఆలస్యంగా వినిపిస్తాయి. మాట ముక్కలై, సర్వర్లు తిరిగి, ఫోన్లో మళ్లీ అతుక్కుని రావాలి కదా. రేడియో పిప్పిప్‌తో గోడగడియారం సరిచేసుకున్న తరానికి ఇది మింగుడుపడదు. ఖర్చు లెక్కా తిరగబడింది. మీడియం వేవ్ స్తంభానికి పదిమంది విన్నా పది లక్షలమంది విన్నా కరెంటు బిల్లు ఒక్కటే. ఇంటర్నెట్‌లో ఒక్కో శ్రోత పెరిగేకొద్దీ డేటా ఖర్చు పెరుగుతుంది. అదీగాక, సెట్టు ఎవరు విన్నారో ఎవరికీ చెప్పేది కాదు. కేంద్రానికి తెలిసేది పోస్టు కార్డులొస్తేనే. ఇప్పుడు ఎవరు ఎన్నో నిమిషంలో వదిలేసి వెళ్లారో కూడా లెక్క తేలుతుంది. మంచి కోసమో చెడు కోసమో గానీ, విసుగెత్తించే ప్రసంగాలకి ఇక చోటు లేదు. పత్తి పురుగు ప్రసంగం ఆ లెక్కలో మూడో నిమిషం దాటేది కాదని నా అనుమానం.

డీఆర్ఎం అనే డిజిటల్ పద్ధతికి దేశంలో ముప్పైకి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మార్చారు. శబ్దం తేటగా వస్తుంది, గరగర ఉండదు. దాన్ని పట్టే సెట్టు మాత్రం సామాన్యుడి ఇంట్లో లేదు, కొన్ని కార్లలో ఉంది. అన్నం వండి విస్తరి మరిచినట్టు! మరోవైపు ఎఫ్ఎం చచ్చిపోలేదు. 2024 ఆగస్టులో 234 పట్టణాల్లో 730 కొత్త ఛానళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది.

ఇక నా సంగతి. పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఒక అమ్మాయిని పనికి పెట్టారు. చేతికి తెల్ల తొడుగులు, చెవులకి హెడ్‌ఫోన్లు. రిటైరైన లైబ్రరీ ఆయన వారానికోసారి వచ్చి సాయం చేసేవాడు. నన్ను మిషనుకి ఎక్కించారు. 14 నిమిషాల పత్తి పురుగు అయిపోయింది. మామూలుగా అయితే అక్కడ ఆపేస్తారు. ఆ అమ్మాయికి ఫోనొచ్చి బయటికి వెళ్లింది. నేను తిరుగుతూనే ఉన్నాను. పురుగు మందు మాటల తరవాత ఒక క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే, చరణం మధ్యలో, ముసలామె.

అమ్మాయి తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. పాట అయిపోయేదాకా కుర్చీలో కూర్చోలేదు.

"ఎవరు సార్ పాడుతోంది?"

"చీటీ మీద ఏముందమ్మా?"

"శనగపచ్చ పురుగు నివారణ."

ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పాత లెడ్జర్లు వెతికాడు. కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని లేవు. అనౌన్సరు ఆమె పేరు చెప్పింది మొదట్లో. ఆ మొదలు మీదే పురుగు ప్రసంగం ఎక్కింది. పాటలు సగం మిగిలాయి, పేరు పోయింది. నాకు తెలుసుగా అంటారేమో. పేరు నా మీద ఉన్నంతవరకే నాకు గుర్తు.

నన్ను మొత్తం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఫైలుగా మార్చారు. సుమారు 276 మెగాబైట్లయ్యాను. ఆ అమ్మాయి పాటని విడదీసి వేరే ఫైలుగా దాచింది. పేరు రాయాల్సిన గడిలో "గాయని తెలియదు" అని రాసింది. ఇప్పుడు ఎవరైనా వెతకాలంటే ఏమని వెతుకుతారు? మా రోజుల్లో చెరిపేసేవారు. ఇప్పుడు ఏదీ చెరపరు, కోట్ల ఫైళ్ల మధ్య పేరు లేకుండా వదిలేస్తారు. పోయినదానికీ దొరకనిదానికీ వినేవాడి దగ్గర తేడా లేదు.

అందుకే మీకో మాట. యూట్యూబులో ఇవాళ మీరు వింటున్న పాత రేడియో నాటికల్లో కొన్ని, కేంద్రాల్లో చెరిగిపోయినా, ఎవరో శ్రోత సెట్టు పక్కన టేప్‌రికార్డరు పెట్టి ఇంట్లో పట్టుకున్నవే. మీ అటక మీద కూడా అలాంటి క్యాసెట్లు ఉండి ఉంటాయి. దింపండి. బూజు పట్టి ఉంటే వెంటనే ప్లేయర్లో పెట్టకండి, తెలిసినవాళ్లకి ఇచ్చి శుభ్రం చేయించండి. కంప్యూటర్లోకి ఎక్కించి రెండు చోట్ల దాచండి. తేదీ, కేంద్రం, కార్యక్రమం రాయండి. వాటికంటే ముందు, పాడినవాళ్ల పేరు రాయండి.