ఏ చేత్తో పట్టుకున్నవ్?

2023 ఆగస్టులో జరగాల్సిన గ్రూప్-2 పరీక్ష వాయిదా పడింది. అశోక్‌నగర్‌లో గది తీసుకుని చదివినవాళ్లకి ఆ వాయిదా అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. చదివిందే మళ్లీ చదవాలి. ఇంటికి పోతే ఊళ్లోవాళ్లు అడుగుతారు, ఇక్కడుంటే హాస్టల్ బిల్లు పెరుగుతుంది. ఆ ఖాళీలోనే నేను నారాయణగూడలో ఒక మేడ మీద ఫిలిప్పీన్స్ కర్రవిద్య నేర్చుకోవడానికి చేరాను. అమ్మ పత్తి అమ్మి పంపిన డబ్బుల్లోంచే ఫీజు కట్టాను.

ఊరికే చేరలేదు. అంతకు కొన్ని నెలల ముందు చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఎవరో బండి మీద వచ్చి నా చేతిలో ఫోన్ లాక్కుపోయారు. అప్పట్నుంచి వెనక బండి చప్పుడైతే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోయేది.

ఆ విద్యని అర్నిస్ అంటారు, ఎస్క్రిమా అని కూడా అంటారు. కర్ర పొడవు 28 అంగుళాలు. మా ఊళ్లో దసరాకి కర్రసాము చేసేవాళ్ల చేతిలో మనిషెత్తు కర్ర ఉండేది, ఇది మూరన్నరే. పేముతో చేస్తారు. వెదురులా లోపల బోలుగా ఉండదు, దెబ్బకి చీలికలై గుచ్చుకోదు, పీచు లేస్తుందంతే. అరగంట కొట్టుకున్నాక కర్రలు తగిలినచోట మాడిన వాసన వస్తుంది. ఇంటికొచ్చాక కూడా నా అరచేతుల్లో ఆ వాసన ఉండేది. దాన్ని చూసుకుని నాకు బలం వచ్చిందనుకునేదాన్ని.

సినవాలి అనే అభ్యాసం ఒకటుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కర్రలు పట్టుకుని, లెక్క తప్పకుండా ఒకరి కర్రకి ఒకరు కర్ర అందించాలి. ఫిలిప్పీన్స్ పల్లెల్లో ఇళ్లకి కట్టే వెదురు తడికని సవాలి అంటారు, ఆ అల్లిక పేరే దీనికి పెట్టుకున్నారు. ఎదుటి మనిషి ఒక్క లెక్క తప్పితే అల్లిక అక్కడే ఆగిపోతుంది. ఇంకోటి, ఆయుధం పట్టిన చేతినే కొట్టడం. పాము కోరలు పీకడం అంటారు దాన్ని. నాకు ఇదే బాగా నచ్చింది.

గ్రూప్స్ అలవాటు కదా, నోట్సు కూడా రాసుకున్నాను. 1521 ఏప్రిల్ 27న మక్టాన్ దీవిలో లాపులాపు మనుషుల చేతిలో మెగలాన్ చనిపోవడం, 1932లో సెబూలో డోసే పారెస్ సంఘం పుట్టడం, 2009 డిసెంబరులో అర్నిస్‌ని జాతీయ క్రీడ చేసిన 9850వ నంబరు చట్టం. కానీ మొదటి వారమంతా సార్ మాకు కర్రే ఇవ్వలేదు. నేల మీద సుద్దతో త్రికోణం గీసి అడుగులే వేయించారు. ఎదుటివాడి చేతికి అందకుండా పక్కకి జరగడం, దారి చూసుకుని బయటపడటం. మూడు నెలలకి ఎవరికీ ఏమీ రాదని ఎన్నిసార్లు చెప్పారో. నా నోట్సులో ఆ మాట ఎక్కడా లేదు.

మూడు నెలలకే నాకు ధైర్యం వచ్చేసింది. రాత్రిళ్లు మెట్రో పిల్లర్ల కింద నారాయణగూడ నుంచి ఒక్కదాన్నే నడిచి వచ్చేదాన్ని, కర్ర కొస బ్యాగులోంచి పైకి కనబడేలా పెట్టుకుని.

నా రూమ్మేట్ నాకంటే నాలుగేళ్లు చిన్నది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునేది. ఒక సాయంత్రం నేను క్లాసుకి బయల్దేరుతుంటే అడిగింది.

"అక్కా, ఇయ్యాల లైబ్రరీ మూసేటప్పుడు జర వస్తవా? రెండొద్దుల సంది ఎవడో బండి మీద నా ఎనకనే వస్తుండు."

ఆ రోజు క్లాసులో సినవాలి కొత్త వరస నేర్పుతామన్నారు. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. నా రెండో కర్ర తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఇది ఎంట వెట్టుకో. చెయ్యి మీద ఒక్కటి కొట్టు, మళ్ల రాడు."

చట్టం కూడా చెప్పాను. అప్పటి ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఆత్మరక్షణ హక్కేనని, కొట్టినా తప్పు కాదని. అవసరమైనంత మేరకే అన్న 99వ సెక్షన్ ఊసెత్తలేదు. వెంటపడటం 2013 నుంచి నేరమని, అది 354డి అని నాకు తెలుసు. ఇలాంటి వాళ్ల కోసమే 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయని కరెంట్ అఫైర్స్‌లో బట్టీ పట్టాను. ఇవన్నీ తెలిసిన మనిషిని ఒక్క ఫోన్ చెయ్యలేదు. చెయ్యాలని కూడా తట్టలేదు.

ఆ రాత్రి వాడు సందులో బండి ఆపి ఏదో అన్నాడట. ఆమె కర్ర తియ్యబోయింది. జిప్పులో ఇరుక్కుంది. సగం బయటికొచ్చిన కర్రని వాడే పట్టుకుని గుంజాడు. బ్యాగుతో పాటు ఆమె రోడ్డు మీద పడింది. జిరాక్స్ షాపాయన కేకేసుకుంటూ బయటికి రాబట్టి వాడు కర్ర విసిరేసి వెళ్లిపోయాడు. కర్ర లేకుంటే ఆమె పరుగెత్తేదేమో. పరుగెత్తే కాళ్లని ఆపింది నేనిచ్చిన కర్రే.

నేను వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉంది. కర్ర నా దిండు పక్కన పెట్టి ఉంది. అరచేయి చూపించింది. బొటనవేలి కింద చర్మం లేచిపోయి, నెత్తుటిలో సన్నటి కంకర అంటుకుని ఉంది. మగ్గుతో నీళ్లు పోస్తుంటే ఒక్కో రాయీ బకెట్‌లో పడుతోంది. అప్పుడు నేనన్న మొదటి మాట ఇది.

"ఏ చేత్తో పట్టుకున్నవ్?"

ఆమె తలెత్తి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. తెలియని మనిషిని చూసినట్టు చూసింది. ఎక్కువ నొప్పిగా ఉందా అని అడగలేదు నేను, భయపడ్డావా అని అడగలేదు. పట్టు తప్పిందేమో, చెయ్యి మారిందేమో అని చూస్తున్నాను. కాసేపటికి తనే అంది.

"నువ్వస్తే అయిపోవు గదక్కా."

తర్వాత ఆమె నన్నెప్పుడూ రమ్మని అడగలేదు. లైబ్రరీకి వచ్చే మరో ఇద్దరితో కలిసి వచ్చేది. సంక్రాంతికి ఊరికి పోయి ఇంకో హాస్టల్‌కి మారిపోయింది. ఫోన్ చేస్తే మాట్లాడుతుంది. నోటిఫికేషన్లు, వాయిదాలు, అమ్మ మోకాళ్ల నొప్పులు, అన్నీ మాట్లాడుకుంటాం. ఆ రాత్రి సంగతి మాత్రం తను ఎత్తదు, నేనూ ఎత్తలేకపోయాను.

రాసింది ముందు ఆమెకే పంపిస్తున్నాను.