షేర్డ్ ఫోల్డరును చేజేతులా పోగొట్టుకునే విధానం

పదిమంది వాడే ఫోల్డరును నాశనం చేయడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. విండోస్ సర్వర్‌లో 'ఎవ్రీవన్' పేరిట 'ఫుల్ కంట్రోల్' ఇచ్చేయండి. లినక్స్ అయితే 777 కొట్టండి: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, వెరసి సొంతదారుకూ, గ్రూపుకూ, దారినపోయేవారికీ తలా ఏడు. అయినా బెరుకు తీరకపోతే ముఖ్యమైన ఫైళ్లకు 'రీడ్-ఓన్లీ' టిక్కు పెట్టండి. డాస్ రోజుల నుంచీ వస్తున్న ఈ టిక్కు పొరపాటున చెయ్యి తగలకుండా ఆపుతుంది, అంతే. ఫైలులో రాసే హక్కున్నవారు దాన్ని ఇట్టే తీసేయగలరు. జీతాల పట్టికకు 'హిడెన్' కూడా తగిలించండి. దాచినవి చూపించే ఆప్షన్ ఒకటుందని తెలియనివారి నుంచి అది పూర్తిగా భద్రం.

లినక్స్‌లో ఫైలుకు 444 పెట్టి గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోండి. ఫైలును తీసేయడానికి కావలసింది ఆ ఫైలు మీద హక్కు కాదు, అది ఉన్న డైరెక్టరీలో రాసే హక్కు. డైరెక్టరీ 777 అయితే ఫైలు మీద ఏ అంకె ఉన్నా ఒరిగేదేమీ లేదు. అందుకే అందరూ రాసుకునే టెంప్ డైరెక్టరీకి స్టికీ బిట్ పెట్టి, ఒకరి ఫైలు మరొకరు తీసేయకుండా చూస్తారు. మీరు మాత్రం ఆ జోలికి పోకండి. ఎవరు ఏం చేయొచ్చో తేల్చకుండా ఫైలు మీద గుర్తులు పెట్టుకుంటూ పోవడమే ఈ విధానానికి ప్రాణం.

'నిపుణులే షేర్ దగ్గర ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇస్తారు కదా' అని అడిగేవారుంటారు. ఇస్తారు, నిజమే. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి షేర్ పర్మిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ రెండూ వర్తిస్తాయి, రెండింట్లో కఠినమైనదే చెల్లుతుంది. వాళ్లు మొదటిది వదులు చేసి రెండోది బిగిస్తారు, మీరు మొదటి సగమే నేర్చుకోండి. 'మా ఆఫీసులో దొంగలు లేరు' అంటారా? ర్యాన్సమ్‌వేర్ ఎవరి గుణగణాలూ విచారించదు. మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంటును తెరిచిన ఉద్యోగి ఎక్కడెక్కడ రాయగలడో అక్కడంతా అది కూడా రాస్తుంది. 'హక్కులు కుదిస్తే రోజూ ఐటీవాళ్ల చుట్టూ తిరగాలి' అన్నది, మనిషి మనిషికీ విడిగా హక్కులిచ్చే చోట మాత్రమే నిజం. అకౌంట్స్ గ్రూపుకు మార్చే హక్కు, మిగతావారికి చదివే హక్కు ఇస్తే, కొత్తగా చేరినవారిని గ్రూపులో కలపడంతో పని అయిపోతుంది. కానీ అంత తేలికైన పని చేస్తే ఫోల్డరు నిలిచిపోయే ప్రమాదముంది. కనుక బ్యాకప్‌ను కూడా అందులోనే ఉంచండి, రెండూ ఒకేసారి పోతాయి.