ఓచరు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము:

ఆ. పద్దు రాయకున్న పైకము నిలువదు
ఓచరుంటె గాని యొప్పుకోరు
మార్చి ముప్పదొకటి మాపటి వేళకు
లెక్క తేలకున్న లేదు నిద్ర

అవతారిక: విశ్వవిద్యాలయ ఫైనాన్సు విభాగాన్ని ఉద్దేశించిన ఆటవెలది ఇది. కర్త ఈ వ్యాఖ్యాతే. మూలం రాసినవాడే టీక రాసుకోవడం పద్దుల శాస్త్రంలో మహాదోషం. బిల్లు పెట్టే చేయి, మంజూరు చేసే చేయి, సరిచూసే చేయి వేర్వేరుగా ఉండాలి. సాహిత్యంలో ఆడిట్ లేదు గనుక సాగిపోయింది.

ప్రతిపదార్థం: పద్దు = ఎప్పుడు, ఎవరినుంచి, ఎందుకు వచ్చింది, ఎక్కడికి పోయింది అని చెప్పే ఒక్క వరుస; రాయకున్న = ఆనాడే క్యాష్ బుక్కులో ఎక్కించకపోతే ("రేపు చూద్దాం లెండి" అనుటయు రాయకపోవుటే); పైకము = విద్యార్థుల ఫీజు, సర్కారు గ్రాంటు, యూజీసీ సొమ్ము, దాతల ధర్మం; నిలువదు = తన చోట తానుండదు.

ఇక్కడ కాస్త ఆగాలి. ‘నిలువదు’ అంటే దొంగల పాలవుతుందని పైపైన చదివేవాళ్లు చెబుతారు. అది స్థూలార్థం. విశ్వవిద్యాలయం ఖజానాలో ఉన్న డబ్బుకు యజమాని ఒకడు కాడు. 1926లో బెజవాడలో పుట్టి తర్వాత వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. సైన్సు, టెక్నాలజీ కళాశాల కోసమని ఇచ్చిన సొమ్మది. అలాంటి సొమ్ముతో ఎవరైనా జీతాలు ఇచ్చేస్తే పైసా కూడా ఎవరి జేబులోకీ పోదు. అయినా దాత మాట పోతుంది. నెలాఖరుకు జీతాల గ్రాంటు రాదు, పింఛనుదార్లు గుమ్మంలో కూర్చుంటారు, పక్క ఖాతాలో ఎవరి ప్రాజెక్టు డబ్బో నిండుగా కనిపిస్తుంది. "వచ్చాక సర్దేద్దాం" అని ఒక చెక్కు కదులుతుంది. ఇంట్లో అయితే దీన్ని చేబదులంటాం. ఇక్కడ దీనికి పేరు పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు. చివరికి ల్యాబులో పరికరం కొనవలసిన రోజున ఆ పరిశోధకుడికి పాసుబుక్కు మాత్రం చూపిస్తారు. కేంద్ర గ్రాంటు మీద పుట్టిన వడ్డీ కూడా మనది కాదు. 2017 నాటి కేంద్ర ఆర్థిక నియమావళి ప్రకారం దాన్ని భారత సంచిత నిధికి తిరిగి కట్టాలి. వడ్డీయే మనది కానప్పుడు అసలు సంగతి చెప్పేదేముంది?

ఓచరు: ఆంగ్లపదం, తెలుగువాడి నోట పడి మొదటి హల్లు పోగొట్టుకుంది. ‘ఓర్చువానికి దక్కునది ఓచరు’ అని ఒక వ్యుత్పత్తి. వ్యాకరణానికి నిలవదు గానీ అనుభవానికి నిలుస్తుంది.

ఉదాహరణ ఈ వ్యాఖ్యాత బతుకులోనిదే. ఒకచోట రెండు రోజుల సదస్సు నడిపాను. అడ్వాన్సు తీసుకున్నాను, ఖర్చుపెట్టాను, సర్దుబాటుకు కాగితాలన్నీ ట్యాగుకు గుచ్చి పంపాను. అందులో టీకొట్టు చీటీ ఒకటి. తేదీ లేదు, నంబరు లేదు, ఓ మూల గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది, మధ్యలో ‘టీలు 240’. ఆడిట్ నుంచి హాఫ్ మార్జిన్ వచ్చింది. అంటే కాగితం నిలువుగా మడిచి ఒక సగంలో ప్రశ్న, జవాబుకు రెండో సగం ఖాళీ. "హాజరు పట్టీలో సంతకాలు 58. రోజుకు రెండు చొప్పున రెండు రోజులకు 232. మిగిలిన 8 టీలు ఎవరు సేవించినదీ తెలుపవలెను." మైకు కుర్రాడు, ఇద్దరు డ్రైవర్లు, వాచ్‌మన్ అని ఖాళీ సగంలో రాసిచ్చాను. అభ్యంతరం డ్రాప్ అయింది. అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు మండదు, ఎనిమిది టీల మీద పడిన ఆ చూపు కట్టడాల బిల్లుల మీద కూడా అంతే నిదానంగా పడాలన్న ఆశ ఒక్కటే మిగిలింది.

మార్చి ముప్పదొకటి: కాలనియమం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఈ గడువు ఆషాఢంలో పడుతుంది. గణకులు ముద్ర వేసిన పుస్తకాలు, మిగులు సొమ్ము పట్టుకుని రావాలి, వచ్చినవాళ్లు తమలో తాము మాట్లాడుకోకూడదు. రాజు సొమ్ము హరించే ఉపాయాలు నలభై అని ఆయన లెక్కగట్టాడు కూడా. మన ఆచారం వేరు. ఆఖరి వారంలో అందరూ అందరితోనూ మాట్లాడుకుంటారు, ‘బడ్జెట్ మురిగిపోతుంది’ అని కుర్చీలు, బీరువాలు, టోనర్లు కొంటారు. ఆ కేంద్ర నియమావళే చివరి నెలల హడావుడి ఖర్చును ఆర్థిక ఔచిత్యానికి భంగమన్నది. ఆ వాక్యం ఉన్న పుస్తకం కొత్త బీరువాలోనే ఉంటుంది.

ఆక్షేపం: చదువు చెప్పే చోట ఈ చిల్లర లెక్కలేల? సమాధానం: హాల్ టికెట్టు కోసం అప్పు చేసి ఫీజు కట్టిన పిల్లవాణ్ణి అడగండి, అది చిల్లరో కాదో.

తాత్పర్యం: స్పష్టము.

పాఠాంతరం: నాలుగో పాదం చివర ‘రాదు గ్రాంటు’ అని కొందరు చదువుతారు. గణాలు సరిపోయాయి, యతి చెడింది. అందుచేత వ్యాఖ్యాత దాన్ని తోసిపుచ్చాడు. కానీ కేంద్ర గ్రాంటుకు ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది పోకపోతే తర్వాతి విడత కదలదు. ఫైనాన్సు విభాగాల్లో ఈ రెండో పాఠమే ప్రచారంలో ఉంది.

సదస్సు అడ్వాన్సు ఇంకా సర్దుబాటు చేయని అధ్యాపక మిత్రులు ఈ వారమే టీకొట్టుకు వెళ్లి నంబరున్న బిల్లు అడగండి.