కొండనాలుకకు అప్‌డేట్

రాత్రి పడుకోబోతుంటే ఫోను అడిగింది, "కొత్త అప్‌డేట్ వచ్చింది, వేసుకోమంటారా?" అని. కొత్తల్లుడు కూడా అంత మర్యాదగా అడగడు. సరేనన్నాను. తెల్లారేసరికి మా ఇంటి వైఫైతో దానికి మాటల్లేవు. ఏ అప్‌డేటూ అంటని మా ఆవిడ పాత ఫోను మాత్రం అదే రూటరు మీద ఏకధాటిగా సీరియల్ చూపిస్తోంది.

ఇంతకీ ఏం ఉద్ధరించారో అని చూస్తే ఒకటే వాక్యం: కొన్ని లోపాలు సవరించాం, పనితీరు మెరుగుపరిచాం. ఏ లోపాలు, ఎవరి పనితీరు అని అడక్కూడదు. కిరాణా కొట్టతను చీటీ మీద 'కొన్ని సరుకులు' అని రాసి డబ్బులడిగితే ఊరుకుంటామా?

కస్టమర్ కేర్‌కి చేశాను. వివరాలు మా వెబ్‌సైట్‌లో ఉన్నాయంటూ ముందు ఓ రికార్డు. బావిలో పడ్డవాడికి గట్టు మీద నిచ్చెనుందని చెప్పడం! తర్వాత ఓ కుర్రాడు లైన్లోకొచ్చి ప్రాయశ్చిత్తాలు మొదలుపెట్టాడు. ఫోను ఆపి వేయండి. రూటరు ఆపి వేయండి. నెట్‌వర్క్‌ని 'ఫర్గెట్' కొట్టి మళ్లీ కలపండి. కుదరలేదా, నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయండి. చేశాను. ఆఫీసు, అత్తారిల్లు, వీధి చివర టిఫిన్ సెంటరు, ఇన్నేళ్లుగా పోగేసుకున్న పాస్‌వర్డ్‌లన్నీ గంగలో కలిశాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా నువ్వెవరన్నాయి. వైఫై మాత్రం రాలేదు. "అయితే ఫ్యాక్టరీ రీసెట్ చేద్దాం సార్" అన్నాడు, జ్వరం తగ్గకపోతే మళ్లీ పుడితే సరి అన్నంత తేలిగ్గా. తప్పు వాళ్లది, గుండు నాకు.

సాయంత్రం మేనల్లుడొచ్చి రెండు నిమిషాల్లో తేల్చాడు. పైవాటావాళ్లు మా నెట్ వాడేస్తున్నారని రూటర్లో మా ఫోన్ల మ్యాక్ అడ్రస్‌లకు, అంటే వాటి గుర్తింపు నంబర్లకు, మాత్రమే ప్రవేశం పెట్టించాను. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మారు అడ్రసు చెప్పడం నేర్చాయి, మన ఆనవాలు ఎవరికీ చిక్కకుండా. మా ఫోనుకి ఆ బుద్ధి ఈ అప్‌డేట్‌తో పుట్టింది. మంచి బుద్ధే, కాదనను. కానీ ఇంటాయనే మారువేషంలో వస్తే గుమ్మంలో కాపలావాడు ఆపడూ? ఆ ఒక్క ముక్క ముందే చెబితే వీళ్ల సొమ్మేం పోయింది? ఆ వైఫై సెట్టింగ్స్‌లోకెళ్లి మారు అడ్రసు తీసేసి అసలుది పెట్టగానే ఫోను కలిసింది.

పేరు గొప్ప వాళ్ల సంగతీ ఇంతే. 2012లో ఐఓఎస్ 6 వేసుకున్న చాలామందికి వైఫై ఉన్నా నెట్ లేదంది. నెట్ ఉందో లేదో తేల్చుకోవడానికి ఫోను వెళ్లి తట్టే యాపిల్ సొంత పేజీయే ఆ వేళ మాయమైంది మరి! 2014 సెప్టెంబరు 24న వదిలిన ఐఓఎస్ 8.0.1 ఇంకా ఘనం. కొత్త ఐఫోన్ 6, 6 ప్లస్‌లు కొన్నవాళ్లకు ఏకంగా సిగ్నలే పోయింది. గంట చిల్లరలో వెనక్కి లాక్కుని మర్నాడు 8.0.2 ఇచ్చారు. 2017 నాటి ఐఓఎస్ 11 కంట్రోల్ సెంటర్లో వైఫై బొత్తం నొక్కితే అది ఆగదు, అప్పటికి కనెక్షన్ తెంచుకుని తెల్లవారుజామున ఐదింటికి తనే లేస్తుంది. కావాలంటే రాదు, వద్దంటే పోదు.

పాత వెర్షన్‌కి మళ్లుదామంటే చాలా ఫోన్లలో దారి మూసేస్తారు. కాబట్టి కంపెనీల పెద్దలారా, ఏం మార్చారో తెలిసేలా రాయండి. మా మీదికి వదిలేముందు మీ అత్తారింటి రూటరు మీద ఓ రాత్రి నడిపి చూడండి. వెనక్కి వెళ్లే బొత్తం ఒకటి పెట్టండి. ఆ ఒక్క అప్‌డేట్ కోసమైతే రాత్రంతా ఫోను ఛార్జింగ్‌కి పెట్టి మేలుకునుంటాం.